పై నుంచి తీసిన ఫొటోలో కనిపించని మనుషులు
(బార్న్స్ వాలిస్ జీవితం)



ఏదో ఒక ఆదివారం మీ బాబో పాపో ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి, మీ ఇంటిని వెతికే ఉంటారు. ముందు ఊరు కనిపిస్తుంది. తర్వాత మెయిన్ రోడ్డు, ఆ తర్వాత మీ వీధి, చివరికి డాబా మీద నీళ్ల ట్యాంకు. అదిగో మన ఇల్లు అని పిల్లలు గంతులేస్తారు. డాబా కనిపిస్తుంది గానీ, దాని కింద ఉన్న మనుషులు కనిపించరు. వంటింట్లో అమ్మమ్మ, ఆఫీసు నుంచి ఇంకా రాని నాన్న, పరీక్షకు చదువుతున్న అక్క, వీళ్లెవరూ ఆ బొమ్మలో ఉండరు.

ఈ నెల మీకు పరిచయం చేస్తున్న ఇంజనీర్ పని ఫలించిందో లేదో చాలాసార్లు ఇలా పై నుంచి తీసిన ఫొటోలే చెప్పాయి. ఫొటోలో కనిపించని మనుషులను మాత్రం ఆయన జీవితమంతా లెక్కలో ఉంచుకున్నారు. ఆయన పేరు బార్న్స్ వాలిస్.

ఒక ఫొటోతో మొదలుపెడదాం

లండన్‌కు నైరుతి దిక్కున, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వేబ్రిడ్జ్ అనే ఊరుంది. దాని పక్కనే బ్రూక్‌లాండ్స్. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1950లలో, విమానంలోంచి తీసిన ఈ చోటి ఫొటోలు చూస్తే ముందుగా మీ కంట పడేది కోడిగుడ్డు ఆకారంలో ఉన్న పెద్ద కాంక్రీటు వలయం. అది 1907లో కార్ల పందేల కోసం కట్టిన ట్రాక్. చుట్టుకొలత దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు, వెడల్పు 100 అడుగులు. కార్లు వేగంగా తిరగడానికి వీలుగా మలుపుల దగ్గర ట్రాక్‌ను గోడలా పైకి లేపారు.

వలయం లోపల చూస్తే కార్లు ఉండవు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీ కప్పులు, విమానాలు, నిట్టనిలువుగా ఒక రన్‌వే కనిపిస్తాయి. ఇది వికర్స్ వారి విమానాల ఫ్యాక్టరీ. అంత దృఢమైన ట్రాక్‌కు ఒక చోట గండి కొట్టి ఉంటుంది. 1951లో ఈ రన్‌వే వేసినప్పుడు, కొత్త విమానాలు అడ్డు లేకుండా పైకి లేవడానికి ఆ భాగాన్ని తొలగించారు.

ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తే యుద్ధం నాటి గుర్తులు బయటపడతాయి. పందెం ముగించే దారి మీదే వేసిన షెడ్లు యుద్ధకాలంలో చోటు చాలక కట్టినవి. శత్రు విమానాల కళ్లు కప్పడానికి ట్రాక్ కాంక్రీటులోనే అక్కడక్కడ చెట్లు కూడా నాటారు. పై నుంచి చూసేవాడికి ఫ్యాక్టరీ కనిపించకూడదని అంత ప్రయత్నం చేశారు. యుద్ధం పోయింది గానీ ఆ గుర్తులు మిగిలాయి.

వాలిస్ తన ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం పనిచేసింది ఈ ఫ్యాక్టరీ కోసమే.

ఫీజు కట్టలేని ఇంటి కుర్రాడు

వాలిస్ 1887లో ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, రిప్లీ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి డాక్టరు. వాలిస్ చిన్నతనంలోనే తండ్రికి పోలియో వచ్చి కాలు దెబ్బతింది. రోగుల ఇళ్లకు తిరిగి వైద్యం చేసే రోజుల్లో డాక్టరు నడవలేకపోతే ఆదాయం ఏమవుతుందో మీరు ఊహించగలరు. ఇంటి భారమంతా తల్లి ఎడిత్ మీద పడింది.

ఆ ఇంటికి మంచి స్కూల్లో చదివించే స్తోమత లేదు. అప్పుడు ఆదుకున్నది క్రైస్ట్స్ హాస్పిటల్. పేరులో హాస్పిటల్ అని ఉన్నా అది ఆసుపత్రి కాదు. స్తోమత లేని కుటుంబాల పిల్లలను చేర్చుకుని చదివించే పాత విద్యాసంస్థ. పోటీ పరీక్ష రాసి వాలిస్ అందులో సీటు సంపాదించారు. ఈ విషయం గుర్తుంచుకోండి. కథ చివర మళ్లీ ఈ స్కూలు దగ్గరికే వస్తాం.

లెక్కలు, సైన్సు అంటే ఆయనకు ప్రాణం. అయినా కాలేజీకి వెళ్లలేదు. పదహారు దాటగానే చదువు ఆపి, ఇంజన్ల కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరారు. తర్వాత కౌస్ అనే రేవు పట్నంలో ఓడలు కట్టే యార్డుకు మారారు. డ్రాయింగ్ బల్ల ముందు కూర్చునే ఇంజనీర్‌కు చేతులకు గ్రీజు అంటిన అనుభవం ఎంత అవసరమో అక్కడ తెలిసింది. 1911లో తల్లి పోయారు. ఆమె కష్టం చూసి పెరిగిన కొడుకు ఆ దుఃఖాన్ని చాలాకాలం మోశారు.

లెక్కల ఉత్తరాలు

1913లో ఆయన వికర్స్ కంపెనీలో ఎయిర్‌షిప్‌ల పనిలో చేరారు. ఎయిర్‌షిప్ అంటే గాలికంటే తేలికైన వాయువు నింపి, ఇంజన్లతో నడిపే పెద్ద గాలి ఓడ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ విభాగం మూతపడింది. ముప్పై నాలుగేళ్ల వయసులో ఉద్యోగం పోయింది. చేతిలో డిగ్రీ లేదు.

అప్పుడు ఆయన చేసిన పని మన పిల్లలకు చెప్పదగ్గది. లండన్ యూనివర్సిటీకి బయటి అభ్యర్థిగా కట్టి, 1922లో ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తి చేశారు. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో ఒక స్కూల్లో లెక్కల మాస్టారుగా చేరారు.

అదే ఏడాది సవతి తల్లి వైపు బంధువుల అమ్మాయి మోలీ బ్లాక్సమ్‌తో పరిచయమైంది. ఆమె అప్పుడే కాలేజీలో చేరబోతోంది. ఇద్దరికీ వయసులో చాలా తేడా ఉంది. మోలీ తండ్రికి ఇది నచ్చలేదు. లెక్కలు నేర్పడానికైతేనే ఉత్తరాలు రాయవచ్చని షరతు పెట్టారు. వాలిస్ ఆ షరతుకు కట్టుబడ్డారు. కాలిక్యులస్ అంటే ఏమిటో, వేగం ఎలా మారుతుందో, ఒక్కో అడుగూ విడమరిచి, బొమ్మలు గీసి, ఉత్తరం తర్వాత ఉత్తరం రాశారు. ఆమె పాఠాలు నేర్చుకుంది. 1925లో వాళ్ల పెళ్లయింది. చాలా ఏళ్ల తర్వాత ఆ ఉత్తరాలు పుస్తకంగా కూడా వచ్చాయి.

బుట్ట అల్లిక లాంటి విమానం

పెళ్లి నాటికి ఆయన మళ్లీ ఎయిర్‌షిప్‌ల పనిలోకి వచ్చారు. ఈసారి ఆర్100 అనే పెద్ద ఎయిర్‌షిప్‌కు డిజైన్ చేసే బాధ్యత ఆయనదే. 1930లో అది అట్లాంటిక్ సముద్రం దాటి కెనడా వెళ్లి క్షేమంగా తిరిగొచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం కట్టిన జంట ఓడ ఆర్101, అప్పటి మన దేశంలో భాగమైన కరాచీకి బయలుదేరి ఫ్రాన్స్‌లో కూలిపోయింది. 48 మంది చనిపోయారు. దాంతో బ్రిటన్ ఎయిర్‌షిప్‌లనే వదిలేసింది. క్షేమంగా తిరిగొచ్చిన ఆర్100ను కూడా ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశారు. ఆరేళ్ల శ్రమ అలా పోయింది.

వాలిస్ బ్రూక్‌లాండ్స్‌కు వచ్చి విమానాల మీద పడ్డారు. ఎయిర్‌షిప్‌లో నేర్చిన ఒక సూత్రాన్ని ఇక్కడ వాడారు. మన ఊళ్లలో అల్లే వెదురు బుట్టను ఒకసారి తలచుకోండి. బద్దలు ఒకదానికొకటి ఏటవాలుగా దాటుకుంటూ పోతాయి. ఒక బద్ద విరిగినా బరువు పక్క బద్దల మీదికి వెళుతుంది. బుట్ట తేలిగ్గా ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. వాలిస్ విమానం ఒంటిని లోహపు బద్దలతో ఇలాగే అల్లించి, పైన గుడ్డ కప్పించారు. ఆ పద్ధతి పేరు జియోడెటిక్. అలా తయారైన వెల్లింగ్టన్ బాంబర్లు మొత్తం 11,400కు పైగా వచ్చాయి. యుద్ధంలో ఒంటి నిండా పెద్ద పెద్ద చిల్లులు పడినా మనుషులను ఇంటికి చేర్చిన విమానంగా దానికి పేరొచ్చింది.

పై నుంచి పడిన దెబ్బ

1940 సెప్టెంబరు 4. మధ్యాహ్నం భోజనాల వేళ. జర్మన్ విమానాలు బ్రూక్‌లాండ్స్ ఫ్యాక్టరీ మీద బాంబులు వేశాయి. కొద్ది నిమిషాల్లో 80 మందికి పైగా కార్మికులు చనిపోయారు. 400 మందికి పైగా గాయపడ్డారు. పొద్దున డబ్బా పట్టుకుని పనికి వెళ్లిన మనిషి సాయంత్రం ఇంటికి రాకపోతే ఆ ఇంటి సంగతేమిటి? ఫ్యాక్టరీ కప్పును కొద్ది రోజుల్లో బాగుచేయవచ్చు. ఆ లోటును మాత్రం ఎవరు పూడుస్తారు?

ఆ దాడి తర్వాత డిజైన్ విభాగాలను చుట్టుపక్కలకు తరలించారు. వాలిస్ ఆఫీసు దగ్గర్లోని ఒక గోల్ఫ్ క్లబ్ భవనానికి మారింది. అదే ఏడాది మరో వైమానిక దాడిలో మోలీ చెల్లెలు, ఆమె భర్త ఇద్దరూ చనిపోయారు. వాళ్ల ఇద్దరు కొడుకులను వాలిస్ దంపతులు తెచ్చుకుని పెంచారు. అప్పటికే నలుగురు పిల్లలున్న ఇంట్లో ఆరుగురయ్యారు.

గోలీలు, నీళ్ల తొట్టి, ఆనకట్ట

చెరువు మీద పలుచని పెంకు విసిరితే అది కప్పలా గెంతుకుంటూ పోవడం మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. 1942లో వాలిస్ తన ఇంటి పెరట్లో నీళ్ల తొట్టి పెట్టి, కూతురి గోలీలు తీసుకుని ఇదే పరీక్ష చేశారు. జర్మనీ ఉక్కు పరిశ్రమకు నీళ్లు, కరెంటు ఇచ్చే రూర్ ప్రాంతపు ఆనకట్టలను పగలగొడితే యుద్ధం త్వరగా ముగుస్తుందని ఆయన నమ్మకం. నీటిలో అడ్డంగా వలలు కట్టి ఉంటాయి కాబట్టి, బాంబు నీటిమీద గెంతుకుంటూ వలలను దాటి, గోడకు తగిలి, దాన్ని ఆనుకుని మునిగి, అడుగున పేలాలి.

చాలామంది పెద్ద అధికారులు దీన్ని పిచ్చి ఆలోచనగా కొట్టిపారేశారు. ఆయన నమూనాలతో, కొలతలతో ఒక్కొక్కరినీ ఒప్పించారు. 1943 ఫిబ్రవరి ఆఖరులో అనుమతి వచ్చింది. చేతిలో ఉన్నది 11 వారాలు. ఆనకట్టలో నీళ్లు నిండుగా ఉండే రోజులు దాటితే ప్రయత్నం వృథా. అందుకే ఫొటోలు తీసే విమానాలు పదేపదే ఆనకట్టల మీదుగా వెళ్లి నీటి మట్టం ఎంత పెరిగిందో చూసి వచ్చాయి.

మే 16 రాత్రి 19 లాంకాస్టర్ విమానాలు, 133 మంది యువకులు బయలుదేరారు. నాయకుడు గై గిబ్సన్ వయసు 24. నీటికి కేవలం 60 అడుగుల ఎత్తులో, చీకట్లో, నాలుగు టన్నులకు పైగా బరువున్న బాంబును వెనక్కి తిప్పుతూ వదలాలి. మోనే, ఎడర్ ఆనకట్టలు పగిలాయి.

మర్నాడు ఉదయం ఒక స్పిట్‌ఫైర్ విమానం తుపాకులు లేకుండా, కెమెరాలతో మాత్రమే అక్కడికి వెళ్లింది. చాలా ఎత్తు నుంచి తీసిన ఆ ఫొటోలో ఆనకట్ట మధ్యలో గండి, అందులోంచి దూకుతున్న నీరు స్పష్టంగా కనిపించాయి. లోకమంతా ఆ ఫొటో చూసింది. వాలిస్ లెక్క నూటికి నూరుపాళ్లు సరిపోయిందని ఆ ఒక్క ఫొటో చెప్పింది.

తిరిగి రాని 8 విమానాల సంగతి ఆ ఫొటోలో లేదు. 53 మంది చనిపోయారు, ముగ్గురు శత్రువుకు చిక్కారు. ఈ వార్త తెలిసి వాలిస్ కన్నీళ్లు పెట్టుకున్నారు. అందరూ అభినందిస్తుంటే ఆయన ఆ కుర్రాళ్లను తలచుకుని కుంగిపోయారు. ఆనకట్ట కింద వరదలో 1,300 మందికి పైగా కొట్టుకుపోయారు. వాళ్లలో చాలామంది జర్మన్లు కూడా కారు, జర్మనీ బలవంతంగా తెచ్చి పని చేయిస్తున్న విదేశీ కూలీలు. పై నుంచి చూస్తే వాళ్లు నీటిలో చుక్కలు కూడా కారు.

గెలుపు కథను పిల్లలకు చెప్పేటప్పుడు మనం తరచుగా గండి దగ్గరే ఆపేస్తాం. వాలిస్ అక్కడ ఆగలేదు కాబట్టే ఆయన మిగతా జీవితం మనకు ముఖ్యం.

మళ్లీ ఆ ఫ్యాక్టరీకి

యుద్ధం ముగిశాక ఆయన బ్రూక్‌లాండ్స్‌కు తిరిగొచ్చి, పాత కార్ల పందేల క్లబ్ భవనంలో పరిశోధన విభాగం నడిపారు. 1946లో వికర్స్ ఆ ట్రాక్ మొత్తాన్నీ కొనేసింది. మొదట్లో మనం చూసిన ఫొటో ఈ రోజులదే. వికర్స్ వారి వైకౌంట్ ప్రయాణికుల విమానం 1948లో మొదటిసారి ఎగిరింది. 1957 నుంచి మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా వైకౌంట్లు నడిపింది. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా ఎక్కి ఉంటే అడిగి చూడండి.

ఆ ఫొటోల్లో క్లబ్ భవనం దగ్గరున్న ఒక కప్పు కింద వాలిస్ కట్టించిన పెద్ద ఉక్కు గది ఉంది. పొడవు 50 అడుగులు, వ్యాసం 25 అడుగులు. చాలా ఎత్తులో ఉండే చలిని, పలుచని గాలిని నేల మీదే సృష్టించే స్ట్రాటోస్ఫియర్ చాంబర్ అది. విమాన భాగాలు ఆకాశంలో గడ్డకట్టి విఫలమవుతాయో లేదో మనిషిని పైకి పంపకుండానే తెలుసుకోవచ్చు. సముద్రంలో చేపల ఓడల మీద మంచు పేరుకుపోయే సమస్యను కూడా తర్వాత అందులో పరీక్షించారు.

ఆయన తర్వాతి కల, ఎగురుతూనే రెక్కల కోణం మార్చుకునే విమానం. దాని పరీక్షలను పైలట్ లేని నమూనాలతో, రేడియో ద్వారా నడిపిస్తూ చేశారు. 1943 తర్వాత తన ఆలోచనను పరీక్షించడానికి ఇంకో కుర్రాడి ప్రాణం పణం పెట్టకూడదని ఆయన నిర్ణయం. దానివల్ల పని ఆలస్యమైంది. చివరికి ప్రభుత్వం డబ్బు ఇవ్వడం ఆపేసింది. రెక్కలు మార్చుకునే విమానాలను తర్వాత ఇతరులు తయారుచేశారు. ఆయనకు ఆ బాధ ఉండేది. అయినా పద్ధతి మార్చుకోలేదు.

పదివేల పౌండ్లు ఎక్కడికి వెళ్లాయి

1951లో, ఫ్యాక్టరీలో కొత్త రన్‌వే పడిన ఏడాదే, యుద్ధకాలంలో చేసిన ఆవిష్కరణలకు ప్రభుత్వం ఆయనకు 10,000 పౌండ్ల బహుమతి ఇచ్చింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఆరుగురు పిల్లలను పెంచిన ఇల్లు. ఎవరైనా ఆ డబ్బు తమ దగ్గరే ఉంచుకుంటే తప్పుపట్టేవారు లేరు.

వాలిస్ ఆ డబ్బు మొత్తాన్నీ తాను చదివిన క్రైస్ట్స్ హాస్పిటల్‌కు ఇచ్చేశారు. వైమానిక దళంలో పనిచేస్తూ చనిపోయిన, లేదా గాయపడిన వారి పిల్లలు అక్కడ చదువుకోవడానికి ఒక నిధి పెట్టించారు.

నెల నెలా ఫీజు కట్టే మీకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో సంపాదించే మనిషి లేకుండా పోతే మొదట కదిలిపోయేది పిల్లల చదువే. తండ్రి కాలు దెబ్బతిన్న ఇంట్లో ఆ భయం చూసి పెరిగిన మనిషి, తన ఆలోచన కోసం ప్రాణాలు పోగొట్టుకున్న వారి ఇళ్లను మరిచిపోలేదు. పోయిన వారిని తెచ్చి ఇవ్వలేరు. వారి పిల్లల బల్ల మీద పుస్తకం మాత్రం ఉంచగలిగారు. తర్వాత చాలా ఏళ్లు ఆ స్కూలు కోశాధికారిగా కూడా పనిచేశారు.

1968లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1971లో, 83 ఏళ్ల వయసులో ఉద్యోగ విరమణ చేశారు. 1979 అక్టోబరు 30న, 92వ ఏట కన్నుమూశారు.

ఇంట్లో చేసి చూడండి

బ్రూక్‌లాండ్స్ ఫ్యాక్టరీ 1980ల చివరికి మూతపడింది. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. స్ట్రాటోస్ఫియర్ చాంబర్ ఇంకా చూడవచ్చు. 1985లో స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సు అడుగు నుంచి తీసిన ఒక వెల్లింగ్టన్ కూడా అక్కడే ఉంది. గుడ్డ ఊడిపోవడంతో లోపలి బుట్ట అల్లిక చక్కగా కనిపిస్తుంది.

ఈ వారాంతం పిల్లలతో కలిసి శాటిలైట్ మ్యాప్‌లో వేబ్రిడ్జ్ తెరవండి. పాత ట్రాక్ వంపులో మిగిలిన ముక్కలు ఈనాటికీ పై నుంచి గుర్తుపట్టవచ్చు. వలయం ఎక్కడ తెగిందో పిల్లలనే వెతకమనండి. తర్వాత మీ ఇంటి దగ్గరికి మ్యాప్ తీసుకురండి. మీ స్కూలు, బస్సు ఆగే మలుపు, కూరగాయలు కొనే సందు చూపించండి. ఈ కప్పుల కింద మన కోసం పనిచేస్తున్న వాళ్లు ఎవరెవరు ఉన్నారో చెప్పమని అడగండి. బస్సు డ్రైవర్, ఆయా, వాచ్‌మన్, పాలు పోసే అతను. ఎన్ని పేర్లు చెప్పగలరో చూడండి.

మార్కుల కార్డు కూడా పై నుంచి తీసిన ఫొటో లాంటిదే. పిల్లవాడు ఎంత దూరం వచ్చాడో చూపిస్తుంది, ఎవరెవరి భుజాల మీద వచ్చాడో చూపించదు. ఆ రెండో సంగతి ఇంట్లో మనమే చెప్పాలి.